ఆంధ్రతీరమునకును బర్మాదేశమునకును గల వర్తకసంబంధము
(తల్లిదండ్రులు పిల్లలతో కూడ చదువదగిన పాఠము)

పై తరగతుల పిల్లలకు వాణిజ్యమును గూర్చి పాఠము చెప్పునపుడు ఎగుమతి, దిగుమతి, పెట్టుబడి అను మాటలు తఱచుగ వచ్చును. పిల్లలు వానిని కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయుదురు. కాని ఆ మాటల వెనుక ఎవరి శ్రమ యున్నదో, ఎవరికి లాభము వచ్చినదో, నష్టము వచ్చినపుడు దానిని ఎవరు భరించిరో తెలియకున్నచో పాఠము సగమే యగును. అందుచే ఈ సంచికలో మేము ఒక రాష్ట్రమునకును దాని పొరుగు దేశమునకును నడచిన వర్తకము నొకదానిని ఉదాహరణముగ తీసికొని, మొదటినుండి నేటివఱకు చెప్పదలచితిమి. ఆ రాష్ట్రము ఆంధ్రము. ఆ దేశము బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డున నున్న బర్మా. 1989 నుండి దానికి మయన్మార్ అని పేరు. పాత విషయములు చెప్పునపుడు పాత పేరునే వాడెదము.

చాంపియన్ రీఫ్సు నివాసులకు సముద్రము దూరము. ఐనను ఈ కథ దూరము కాదు. బంగారు గనుల పనికై చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల నుండి మన పెద్దలు ఇచటికి వచ్చిన కాలముననే గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల తెలుగువారు ఓడ లెక్కి రంగూనునకు పోయిరి. వీరు భూమి లోనికి దిగిరి, వారు సముద్రము దాటిరి. ఇరువురిని కదలించిన కారణములు ఒక్కటే: ఊర పని చాలకపోవుట, దూరమున ఇతరుల పెట్టుబడి చేతుల కొఱకు వెదకుట.

1. దాటునవి మూడు

రెండు దేశముల నడుమ వర్తకము జరుగునపుడు మూడు వస్తువులు సరిహద్దు దాటును. మొదటిది సరకు. రెండవది సొమ్ము, అనగా పెట్టుబడి. మూడవది మనిషి, అనగా అతని కాయకష్టము. ఈ మూడును ఒకే విధముగ దాటవు, ఒకే విధముగ తిరిగిరావు. సరకు ఒక సంవత్సరము ఆగిపోయినను మరుసటి సంవత్సరము మరల పోగలదు. సొమ్మును తెలివిగలవాడు ముందుగనే వెనుకకు తీసికొనగలడు. మనిషి మాత్రము తన యిల్లు, పిల్లలు, అప్పు, ఆరోగ్యము అన్నియు వెంటబెట్టుకొని పోవును. కీడు వచ్చినపుడు అతడు పత్తిమూటవలె గిడ్డంగిలో నిలువ యుండలేడు. ఈ భేదమును మనస్సున ఉంచుకొని ముందునకు సాగుదము.

2. పూర్వపు సరకులు

పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణము గొప్ప రేవు. అచటినుండి పెగూ, అరకాను, తెనాసెరిము రేవులకు ఓడలు పోవుచుండెను. మన నేతగాండ్ర బట్టలును, చిరివేరుతో ఎఱ్ఱని రంగు వేసిన నూలును పెగూలో మిక్కిలి గిరాకి గలవి. బదులుగా కెంపులు, బంగారము, తగరము వచ్చుచుండెను. ఇచట దాటినది ముఖ్యముగ సరకు. నేతపని, అద్దకపుపని మన యూళ్లలోనే జరిగెను, కావున ఆ పనితనపు కూలియు చాలవఱకు మన యూళ్లలోనే నిలిచెను.

గోదావరి ముఖమున కోరంగి అను రేవుండెడిది. ఓడలు కట్టుటకు, బాగుచేయుటకు అది పేరుపడినది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు దానిని పాడుచేసెను. రేవు పోయినను పేరు పోలేదు. బర్మాలోని తెలుగువారిని చాలకాలము ‘కోరంగీలు’ అనియే పిలిచిరి. తెలుగు పల్లెలలో రంగూనునకు ‘రంగము’ అని పేరు. ‘రంగము పోయినాడు’ అనగా పొట్టకొఱకు సముద్రము దాటినాడని అర్థము.

3. బియ్యము, ఆవిరి యోడ

ఆంగ్లేయులు 1852లో దిగువ బర్మాను ఆక్రమించిరి. 1869లో సూయజు కాలువ తెఱవబడెను. ఐరోపాకు దారి దగ్గరయ్యెను, బియ్యపు గిరాకి పెరిగెను. ఐరావతీనది ముఖద్వారమున అడవియు, బురదనేలయు నున్న చోట్ల వరిపొలములు వెలసెను. ధాన్యమును దంచి బియ్యము చేయుటకు రంగూనులో ఆవిరి మిల్లులు లేచెను. మిల్లులకు, ఓడలకు, రంపపు కార్ఖానాలకు కూలీలు కావలసివచ్చిరి. బర్మా రైతులకు తమ పొలముల పనియే చాలియుండెను. ఆంధ్రతీరమున భూమిలేని జనము విశేషము, కఱవులు తఱచు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి ఆవిరి యోడలు నేరుగా రంగూనునకు నడచెను. పేదలు ఓడపై కప్పుమీదనే కూర్చుండి ప్రయాణము చేసిరి.

సరకులును ఇరువైపుల నడచెను. గోదావరి లంకలలో పండిన పొగాకు బర్మా చుట్టలకై ఓడ యెక్కెను. బర్మానుండి బియ్యము, టేకు, కిరసనాయిలు వచ్చెను. నేటికిని మన పెద్దలు పాత యింటి ద్వారబంధమును చూపి ‘బర్మా టేకు’ అని గౌరవముగ చెప్పుట మీరు వినియుందురు.

1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు సుమారు 10 లక్షలు. రంగూను నగరమున సగము కంటె ఎక్కువమంది భారతీయులే. రేవులో మూటలు మోయుటలోను, మిల్లుల పనిలోను, రిక్షా లాగుటలోను తెలుగువారు అగ్రస్థానమున నుండిరి. దుకాణములలోను, బ్యాంకులలోను, కచేరీలలోను వారు అంతగా కానరాలేదు. ఈ వాక్యమును తల్లిదండ్రులు రెండుమారులు చదువగోరెదము.

4. మేస్త్రీ పద్ధతి: ఒక లెక్క

కూలీలను కూర్చువాడు మేస్త్రీ. పెద్ద మేస్త్రీ, అతని క్రింద చిన్న మేస్త్రీలు, వారి క్రింద జట్టు. మేస్త్రీ పల్లెకు వచ్చి యింటివారికి బయానా ఇచ్చును, ఓడచార్జి తానే కట్టును. అందుకు బదులుగా పత్రము వ్రాయించుకొని వేలిముద్ర వేయించును. రంగూనులో మిల్లువారు జీతమును కూలివాని చేతికి గాక మేస్త్రీ చేతికి ఇత్తురు. మేస్త్రీ తన వాటాను, అప్పు వంతును పట్టుకొని మిగిలినది ఇచ్చును.

ఈ పద్ధతి ఎట్లు పనిచేయునో పిల్లలు లెక్కగా చేయవచ్చును. ఈ అంకెలు లెక్క కొఱకు మేము కల్పించినవి.

ఇంటివారికి బయానా 20 రూపాయలు, ఓడచార్జి 15 రూపాయలు, మొత్తము 35 రూపాయలు అనుకొందము. పత్రమున మాత్రము 40 రూపాయలు అని వ్రాసినారు. నెల జీతము 20 రూపాయలు. అందు మేస్త్రీ వాటా 5, తిండికి 8. అప్పునకు చెల్లు పెట్టుటకు మిగులునది 7 రూపాయలు. మిల్లుపని సంవత్సరమున ఐదు నెలలే గట్టిగా నడచును అనుకొందము. ఐదు నెలలకు ఏడేసి చొప్పున 35 రూపాయలు తీరును.

పత్రమున 35 అని వ్రాసియున్నచో కూలివాడు ఆ ఋతువు చివరన స్వతంత్రుడు. 40 అని వ్రాసియున్నందున ఇంకను 5 రూపాయలు బాకీ. పని లేని నెలలలో తిండికి మరల మేస్త్రీయే అప్పు పెట్టవలెను. ఆ విధముగ ఐదు రూపాయల అంకె ఒక మనుష్యుని మరుసటి సంవత్సరమునకు కట్టివేయును. వడ్డీని మేము ఇందు చేర్చనే లేదు. వేలిముద్ర వేయువానికి 35కును 40కిని భేదము కనబడదు. చదువు వచ్చినవానికి కనబడును. చదువు కూలిని పెంచకపోవచ్చును గాని, ఈ లెక్కలో బానిసత్వమునకును స్వతంత్రతకును నడుమ నిలిచినది చదువే.

5. పెట్టుబడి గతి

సొమ్ము మాటకు వత్తము. వరిపొలములకు అప్పు లిచ్చినవారిలో తమిళదేశపు నాట్టుకోట్టై చెట్టియార్లు ముఖ్యులు. వారికి లెక్కలు తెలియును, ఖాతాలు కలవు, దేశ దేశముల కొట్లు కలవు. 1930 ప్రాంతమున లోకమంతట ధరలు పడిపోయినపుడు బియ్యపు ధరయు కూలెను. రైతులు అప్పు తీర్చలేక భూములను వదలిరి. 1937 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాలలో సుమారు నాలుగవ వంతు పొలము చెట్టియార్ల చేతికి వచ్చెను. వారు కోరినది సొమ్ము, వచ్చినది పరదేశపు భూమి. బర్మీయులకు కోపము కలిగెను. 1948లో బర్మా స్వతంత్రమైన పిమ్మట భూమిని జాతీయము చేయు చట్టము వచ్చెను. పెట్టుబడి పెట్టినవారికిని ఇందు గుణపాఠము కలదు: ఆ దేశపు ప్రజకు నష్టముగ తోచిన లాభము చిరకాలము నిలువదు.

6. మూడు దెబ్బలు

మొదటి దెబ్బ 1930 మే నెలలో తగిలెను. రంగూను రేవున తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె చేసిరి. ఓడల పని చేయించువారు బర్మీయులను పిలిచి పనిలో పెట్టిరి. పిమ్మట సమ్మె తీరి తెలుగువారు తిరిగిరాగా, క్రొత్తగా వచ్చిన బర్మీయులను పొమ్మనిరి. మే 26న రెండు జాతుల పేదల నడుమ ఘోరమైన కొట్లాట లేచెను. అనేకులు చనిపోయిరి. నిర్ణయము చేసినవారు వేరు, దెబ్బలాడుకొన్నవారు వేరు.

రెండవది యుద్ధము. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశము నుండి వేరుచేయబడెను. నిన్నటివఱకు ఒకే ప్రభుత్వము క్రింద నున్న తెలుగు కూలివాడు ఆనాటినుండి పరదేశి. 1942 మార్చిలో జపానువారు రంగూనును పట్టుకొనిరి. ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వేసిరి. ఓడలు దొరకనివారు అడవుల గుండ, కొండల గుండ మణిపురము వైపునకును, అరకాను వైపునకును నడచిరి. లక్షలమంది బయలుదేరిరి, వేలమంది దారిలో రాలిపోయిరి. బర్మా బియ్యము ఆగిపోవుట 1943 నాటి వంగదేశపు కఱవునకు గల కారణములలో ఒకటి. సరకు ఆగినచో ఏమగునో తినువానికి అపుడు తెలిసినది.

మూడవది 1962 మార్చి 2న సేనాని నేవిన్ అధికారమును చేజిక్కించుకొన్న పిమ్మట వచ్చెను. 1963, 1964 సంవత్సరములలో బ్యాంకులను, వర్తకమును, దుకాణములను ప్రభుత్వము తీసికొనెను. 1964లో 50, 100 క్యాటుల నోట్లు చెల్లవని ప్రకటించిరి. రెండు తరములు కష్టించి కూడబెట్టినది ఒక్క ప్రకటనతో కాగితమయ్యెను. లక్షకు పైగా భారతీయులు తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు, చెన్నపట్టణములోని బర్మా బజారు ఆ నాటి గుర్తులు. బర్మా, సింహళముల నుండి వచ్చినవారి పునరావాసమునకై భారత ప్రభుత్వము 1969లో రెప్కో బ్యాంకును స్థాపించెను. కొన్ని తెలుగు కుటుంబములు రాక అచటనే నిలిచిపోయినవి. నేటికిని యాంగోను (పాత రంగూను), బాగో (పాత పెగూ), మౌలమ్యైను ప్రాంతములలో వారి సంతతివారు కలరు.

7. నేటి వర్తకము: మినుములు

వర్తకము అంతటితో చచ్చిపోలేదు. మనుష్యులు వెనుకకు వచ్చిరి గాని సరకు మరల దారి వెదకికొనెను. 1988 తరువాత బర్మా ప్రభుత్వము ప్రైవేటు వర్తకమునకు తలుపు తెఱచెను. అచటి రైతులు వరి కోసిన నేలలో మినుములు, పెసలు, కందులు వేయసాగిరి. కొనువారిలో ప్రధానము భారతదేశమే. 2021లో రెండు ప్రభుత్వములు ఒప్పందము చేసికొనెను. దాని ప్రకారము 2021-22 మొదలు 2025-26 వఱకు ఐదేండ్లు, ఏటేట 2.5 లక్షల టన్నుల మినుములు, 1 లక్ష టన్నుల కందులు ప్రైవేటు వర్తకుల ద్వారా తెచ్చుకొనుటకు అంగీకారము కుదిరెను. 2021 ఫిబ్రవరి 1న అచట సైన్యము మరల అధికారము పట్టినను సరకు ఆగలేదు. 2024లో డాలరు నడుమ లేకుండ రూపాయ, క్యాటులలో చెల్లింపు చేయు ఏర్పాటును మొదలుపెట్టిరి.

చెన్నపట్టణపు రేవున బర్మా మినుములు దిగును. వర్తకులు వానిని ఎఫ్.ఏ.క్యూ., ఎస్.క్యూ. అని రెండు రకములుగ విభజింతురు. మొదటిది సగటు రకము, రెండవది మేలు రకము. మన యింట ఇడ్లికి నానబోసిన పప్పు ఐరావతీ తీరమున పండినదై యుండవచ్చును.

ఇచట ఒక చిక్కు కలదు. కృష్ణా, గుంటూరు ప్రాంతముల రైతులు కూడ వరి కోసిన తడినేలలోనే మినుము చల్లుదురు. బర్మా సరకు విరివిగ వచ్చినచో పట్టణవాసికి పప్పు ధర తగ్గును, ఆంధ్రరైతుకు మినుము ధరయు తగ్గును. సరకు రానిచో రైతునకు మేలు, కొనువానికి భారము. ఇందు ఎవరిది న్యాయము? ప్రభుత్వము పంటకాలమును చూచి, నిలువలను చూచి దిగుమతికి తలుపు తీయవలెను, మూయవలెను. మన కోలారు జిల్లా రైతునకు ఈ మాట సులభముగ తెలియును. కోలారు మార్కెట్టు టమాటాలు బంగ్లాదేశమునకు పోయిన సంవత్సరములు కలవు. ఆ దారి మూసినపుడు గంపల ధర ఏమగునో అతనికి వేరుగ చెప్పనక్కఱలేదు.

8. మన గనులతో పోలిక

మన గనులను ఈ మూడు వస్తువుల కొలతతోనే చూతము. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు ఇచటి పనిని చేపట్టిరి. పెట్టుబడి లండనుది, భూమి మైసూరుది, చేతులు పొరుగు జిల్లాలవి. బంగారము లండనునకు పోయెను, లాభము వాటాదారులకు పోయెను, రాజ్యమునకు రాయల్టీ వచ్చెను, కూలివానికి కూలి వచ్చెను. 1902లో శివసముద్రము నుండి విద్యుత్తు వచ్చెను. అది ఆ కాలమున గొప్ప విషయము. 1956లో గనులను మైసూరు ప్రభుత్వము తీసికొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28న పని ఆగిపోయెను.

రంగూను తెలుగువారివలె మన పెద్దలు పరదేశులై వెడలగొట్టబడలేదు. ఇది గొప్ప భేదము. స్వదేశమున చట్టము, ఓటు, ఇరుగు పొరుగు అండగా నుండును. కాని పని ఆగినపుడు ఇచటను అదే ప్రశ్న పుట్టినది: చేతులు తప్ప వేరు పెట్టుబడి లేని యిల్లు ఎట్లు నిలుచును? ఫిట్టరు పని, కరెంటు పని, లెక్కల పని నేర్చినవారు ఆ పనిని వెంట తీసికొని వేరొక చోటికి పోగలిగిరి. ఉత్త మోతపని చేసినవారికి అది కష్టమయ్యెను. నేడు మారికుప్పము నుండి బెంగుళూరునకు వేకువనే రైలెక్కువారు ఈ విషయము నెఱుగుదురు.

9. తల్లిదండ్రులకు మనవి

పిల్లలను దూరదేశములకు పంపవద్దని మేము చెప్పము. పోనివాడు వర్తకము చేయలేడు, లోకము చూడలేడు. ఏమి తీసికొని పోవుచున్నాడు అనునదే మా ప్రశ్న.

మేస్త్రీ పద్ధతి పాతకథ అని తలపవలదు. ఈ మధ్య సంవత్సరములలో కంప్యూటరు ఉద్యోగములని నమ్మించి యువకులను థాయిలాండు మీదుగ మయన్మార్ సరిహద్దులకు చేర్చి, అచట నిర్బంధించి, ఫోనుల ద్వారా మోసపు పని చేయించిన ముఠాలు బయటపడినవి. అందు చిక్కినవారిలో తెలుగు యువకులును కలరు. 2025 మార్చిలో ఐదువందలకు పైగా భారతీయులను వాయుసేన విమానములలో ప్రభుత్వము తిరిగి తెచ్చెను. నాడు వేలిముద్ర, నేడు సంతకము. వీరు చదువురానివారు కారు. కావున అక్షరజ్ఞానము మాత్రము చాలదు, పత్రమును ప్రశ్నించు అలవాటు కావలెను.

అందుచే నాలుగు పనులు చేయగోరెదము. ఏ పత్రమునైనను, బ్యాంకు కాగితమైనను, ఉద్యోగపు ఒప్పందమైనను, ఇంటిలో పిల్లలచేత బిగ్గరగ చదివించి పిమ్మటనే సంతకము చేయుడు. ఇంటి ఆదాయవ్యయములను ఒక పుస్తకమున వ్రాయించుడు. పరదేశమున పని యిప్పింతునను ఏజెంటు ప్రభుత్వమున నమోదైనవాడో కాడో విచారింపుడు. పనితోబాటు ఒక చేతివిద్యయు, ఆ దేశపు భాషయు నేర్చుకొనుమని చెప్పుడు.

తెలుగున చదివినచో బయట పనికివచ్చునా యని కొందఱు తల్లులు మమ్ము అడుగుచుందురు. తల్లిభాషలో లెక్కను, ఒప్పందమును అర్థము చేసికొన్న పిల్లవాడు కన్నడమునను, ఇంగ్లీషునను దానినే గుర్తుపట్టును. అర్థము తెలియక ఇంగ్లీషున సంతకము చేయువాడు పాత వేలిముద్రవానికంటె ఎంతో దూరము పోలేదు.

10. ఇంట చర్చింపదగిన ప్రశ్నలు

(1) సరకు, సొమ్ము, మనిషి: ఈ మూడింటిలో బర్మా నుండి తిరిగివచ్చుట దేనికి కష్టమయ్యెను? ఎందుచేత?
(2) నాలుగవ భాగములోని లెక్కలో మేస్త్రీ వాటా 5కు బదులు 4 రూపాయలైనచో 40 రూపాయల బాకీ ఎన్ని నెలలకు తీరును?
(3) 1930 నాటి రంగూను కొట్లాటను ఆపుటకు రేవు యజమానులు ఏమి చేసియుండవలసినది?
(4) మినుముల దిగుమతిని మీరు నిర్ణయింపవలసివచ్చినచో ఏ నెలలో తలుపు తీయుదురు, ఏ నెలలో మూయుదురు? కారణము చెప్పుడు.
(5) మీ యింటి పెద్దలు ఈ గనులకు ఏ యూరి నుండి వచ్చిరి? ఎవరు తీసికొనివచ్చిరి? ఏ పని నేర్చిరి? వారినడిగి తెలిసికొని ఒక పుట వ్రాయుడు.